ఈకలతో ఈగలు కట్టిన మేగన్ బాయ్డ్

మన జంటనగరాల చుట్టుపట్ల చెరువుగట్ల మీద సాయంకాలవేళ గాలం వేసి కూర్చున్నవారిని చూడనివారు మనలో ఉండరు. ఒక వెదురు కర్ర, కొంత దారం, దారం చివర ముల్లు, ముల్లుకు గుచ్చిన ఎర్ర లేదా పిండిముద్ద, ఇంతే వారి సామగ్రి. చేపకు ఆకలి వేస్తుంది, ఎర కనబడుతుంది, నోరు తెరుస్తుంది, చిక్కుకుంటుంది. ఈ వ్యవహారమంతయు ఆకలిపై ఆధారపడి నడచునట్టిది. మరి ఆకలియే లేని చేపను పట్టవలసివస్తే ఏమి చేయాలి? ఈ విచిత్రమైన ప్రశ్నకు సమాధానంగా పాశ్చాత్యదేశాలలో ఒక సూక్ష్మమైన చేతిపని పుట్టింది. ఆ పనిలో అరవై సంవత్సరాలు గడిపి, మారుమూల పల్లెలో ఉంటూనే లోకప్రసిద్ధి పొందిన ఒక స్త్రీమూర్తి జీవితాన్ని మన విద్యార్థినీ విద్యార్థులకు పరిచయం చేయడమే ఈ వ్యాసం ఉద్దేశం. ఆమె పేరు మేగన్ బాయ్డ్.

ఆమె జీవితం అర్థం కావాలంటే ముందుగా సాల్మన్ అనే చేపను గురించి కొంత తెలుసుకోవాలి. గోదావరికి కొత్తనీరు వచ్చే రోజులలో సముద్రం నుండి ప్రవాహానికి ఎదురీదుతూ వచ్చే పులసను గురించి మనమందరం విన్నవారమే. గ్రుడ్లు పెట్టడానికై ఉప్పునీటిని విడిచి మంచినీటికి వచ్చే చేప అది. ఉత్తర అట్లాంటిక్ సముద్రతీర దేశాలలో సాల్మన్ కూడ అట్టి యాత్రికురాలే. నదిలోని గులకరాళ్ల నడుమ పుట్టి, కొన్ని సంవత్సరాలు అక్కడే పెరిగి, పిమ్మట సముద్రానికి పోయి, గ్రీన్లండు సమీపపు చల్లని నీళ్లదాక తిరిగి, బలిసి, మరల తాను పుట్టిన నదికే వస్తుంది. పుట్టిన నది నీటివాసనను అది గుర్తుపట్టుతుందని శాస్త్రజ్ఞులు తేల్చినారు. అయితే నదిలో ప్రవేశించిన నాటినుండి అది ఆహారం ముట్టదు. సముద్రంలో కూడబెట్టుకొన్న కొవ్వుతోనే నెలల తరబడి ఉపవాసం చేస్తూ గ్రుడ్లు పెట్టే తావుకు చేరుకొంటుంది.

ఇట్టి ఉపవాసియైన చేప కూడ ఒక్కొక్కసారి తన ముందుగా కదలిపోయే చిన్న వస్తువును నోట కరచుకొంటుంది. చిన్ననాడు నదిలో పురుగులను తిన్న జ్ఞాపకంవల్లనా, కోపంవల్లనా, కుతూహలంవల్లనా అన్న చర్చ నేటికిని ముగియలేదు. కారణం ఏదైనప్పటికీ, ముల్లుపై పట్టుదారం చుట్టి, జరీ తీగ పెనవేసి, పక్షి ఈకలను రెక్కలవలె కట్టి నీటిలో నడిపిస్తే సాల్మన్ మోసపోతుందని జాలరులు కనిపెట్టినారు. ఈకలతో కట్టిన ఈ బొమ్మనే వారు ఈగ అని పిలుస్తారు. నిజానికి దానికి ఏ ఈగతోను పోలిక ఉండనక్కరలేదు.

పంతొమ్మిదవ శతాబ్దంలో, విక్టోరియా రాణి పాలనాకాలంలో, ఈ ఈగలు కట్టడం ఒక గొప్ప విలాసమైపోయింది. ప్రపంచమంతట ఓడలు నడిపిన ఆ దేశానికి ప్రపంచంలోని పక్షులన్నింటి ఈకలు చేరినాయి. దక్షిణ అమెరికా నుండి మకా చిలుకల ఈకలు, టూకాన్ పక్షుల ఈకలు, చైనా నుండి బంగారు ఫెజెంట్ ఈకలు వచ్చేవి. ఇండియన్ క్రో అనే పేరుతో అక్కడి అంగళ్లలో అమ్మిన ఎర్రని ఈక నిజానికి దక్షిణ అమెరికా పక్షిది. దానికి మన దేశంతో గాని, మన కాకితో గాని ఏ సంబంధమూ లేదు. మన దేశం నుండి నిజముగా పోయినది అడవికోడి ఈక. గోదావరికి దక్షిణంగా ఉన్న అడవులలో, మన నల్లమలలో కూడ, సంచరించే బూడిదవన్నె అడవికోడి పుంజు మెడమీది ఈకల చివర లక్కచుక్క పెట్టినట్లు మెరిసే మచ్చ ఉంటుంది. ఆ మచ్చ ఈగ చెక్కిలిపై కట్టితే కన్నువలె కనబడుతుంది. పద్ధెనిమిదవ శతాబ్దంలో ఈ పక్షిని వర్ణించిన ఫ్రెంచి ప్రకృతిశాస్త్రజ్ఞుడు సొన్నెరా పేరు దాని శాస్త్రనామంలో నిలిచి ఉన్నది. ఆ ఈకలకోసం ఒకప్పుడు మన అడవికోళ్ల మెడచర్మాలను ఓడలలో ఇంగ్లండుకు పంపేవారు. నేడు ఆ పక్షికి మన 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఇస్తున్నది.

1895లో జార్జి కెల్సన్ అనే రచయిత సాల్మన్ ఈగలను గూర్చి ఒక పెద్ద గ్రంథమే ప్రకటించాడు. ఏ ఈగలో ఏ ఈక ఏ వరుసలో ఉండాలో శాసనం వలె నిర్ణయించాడు. తెలుగు పాఠం చెప్పేవానికి ఇక్కడ మన ప్రబంధకవులు జ్ఞప్తికి రాక మానరు. అష్టాదశ వర్ణనలూ ఉంటేగాని కావ్యం కాదన్నట్లు, పదిహేను రకాల ఈకలు ఉంటేగాని ఈగ కాదన్న కాలమది. ఆ అలంకారం చేపకోసమా, చేయించుకొన్న ప్రభువు పెట్టెలో మెరవడానికా అన్న సందేహం ఆ నాడే కొందరికి కలిగింది.

ఆ సందేహానికి అనుభవంతో సమాధానం చెప్పినవాడు ఆర్థర్ వుడ్. స్కాట్లండులోని డీ నదిమీద కెయిర్న్‌టన్ అనే చోట ఇరవయ్యవ శతాబ్దపు తొలి దశాబ్దాలలో ఆయన సాల్మన్ వేటాడుతూ, నీరు వెచ్చనై, తేటపడి, తగ్గిపోయినప్పుడు పెద్ద ఈగలు పనికిరావని గ్రహించాడు. అద్దంవంటి నీటిలో గుబురుగా ఈకలు కట్టిన పెద్ద ముల్లు చేపను బెదరగొట్టుతుంది. అందుచేత ఆయన దారానికి కొవ్వు రాసి నీటిపై తేలేటట్లు చేసి, దాని చివర చాల చిన్నదైన, పలుచనైన ఈగను నీటి ఉపరితలానికి కొంచెమే క్రిందుగా నడిపించాడు. రకాలు కూడ ఆయనకు రెండు మూడు చాలినాయి. 1934లో ఆయన మరణించిన మరుసటి సంవత్సరమే ఆ విధానం పుస్తకరూపంలో వెలువడింది.

పలుచని ఈగ కట్టడం తేలికయని అనుకొనరాదు. గుబురు ఈగలో ఒక తప్పును మరొక ఈక క్రింద దాచవచ్చును. పలుచని ఈగలో దాచడానికి తావే లేదు. ముల్లు కాడలో సగభాగాన్ని ఉత్తదిగానే వదలి, మిగిలిన సగంమీద నల్లని పట్టుదారాన్ని ఒక్క పొరగా, గడ్డకట్టకుండ చుట్టాలి. దానిపై సన్నని వెండి జరీని సమానమైన ఎడంతో నాలుగైదు చుట్లు తిప్పాలి. గొంతు క్రింద నాలుగు ఈకపోగులు, పైన రెక్కగా కొద్దిపాటి వెండ్రుకలు, తలవద్ద రెండు మూడు ముడులు, వాటిపై చుక్క వార్నిష్. ఒక్క చుట్టు ఎక్కువైతే తల లావవుతుంది. పది వెండ్రుకలు ఎక్కువైతే రెక్క నీటిలో ఊపిరి పోసుకొనదు. వేమన ఆటవెలదిలో ఒక మాట తీసివేస్తే పద్యం కూలిపోతుంది, ఒక మాట చేర్చడానికి చోటు దొరకదు. ఉర్దూ గజల్‌లో రెండు పాదాల షేరు కూడ అంతే. ఈ పొదుపు ఎంత కష్టసాధ్యమో సాహిత్య విద్యార్థులకు వేరుగా చెప్పనక్కరలేదు.

ఇట్టి కళలో అందరికంటె మిన్నగా పేరు పొందిన మేగన్ బాయ్డ్ 1915 జనవరి 29న ఇంగ్లండులో జన్మించింది. ఆమె మూడేండ్ల పసిపాపగా ఉన్నప్పుడు తండ్రికి స్కాట్లండు ఉత్తరభాగంలోని సదర్లండ్ ప్రాంతంలో, బ్రోరా నదివద్ద ఒక జమీందారీలో నదిని కాపలాకాసే ఉద్యోగం లభించింది. కుటుంబమంతా అక్కడికి తరలిపోయింది. ఒకవైపు పచ్చిక కొండలు, మరొకవైపు ఉత్తర సముద్రం, నడుమ చల్లని గాలి, జనసమ్మర్దం లేని పల్లెలు. అట్టి చోట పెరిగిన బాలికకు నదియే బడి, నదిని నమ్ముకొన్నవారే ఇరుగుపొరుగు.

తండ్రి స్నేహితులలో బాబ్ ట్రస్లర్ అనే కాపలాదారు ఒకడు ఈగలు కట్టడంలో నేర్పరి. మేగన్ పన్నెండేండ్ల వయస్సున ఆయనవద్ద శిష్యురాలుగా చేరింది. ఆయన బోధనాపద్ధతి గమనింపదగినది. పెద్ద ముల్లుపై కట్టిన ఈగను ఆ బాలిక చేతికి ఇచ్చి పోగు పోగుగా విప్పమనేవాడు. విప్పిన సామగ్రితోనే అదే ఈగను అంతకంటె చిన్న ముల్లుమీద తిరిగి కట్టమనేవాడు. పెద్దదాన్ని చిన్నదిగా చేయాలంటే ఏది ఉండాలో, ఏది ఉండనక్కరలేదో కంటికీ వ్రేళ్లకూ తెలియాలి. ఆమె చదువంతా ఈ విప్పి కట్టడంలోనే సాగింది. మన విద్యార్థులు సంగ్రహలేఖనం అనే పేరుతో పరీక్షలలో చేసేది కూడ ఇదే పని. కాకపోతే వారికి చేతిలో కలం ఉంటుంది, ఆమె చేతిలో ముల్లు ఉండేది.

1935లో, ఇరవై ఏండ్ల వయస్సులో, ఆమె బ్రోరాకు ఉత్తరాన కింట్రాడ్వెల్ అనే చోట సముద్రానికి ఎదురుగా ఉన్న ఒక చిన్న ఇంటిలో కాపురం పెట్టింది. ఆ ఇంటికి కుళాయినీరు గాని, విద్యుద్దీపాలు గాని లేవు. 1980ల నడుమ వరకు అక్కడికి విద్యుత్తు రానేలేదు. ఇంటి తోటలో ఒక చిన్న పాక ఆమె కార్యశాల. కిటికీ ముందు ఒక బల్ల, బల్లకు బిగించిన చిన్న పట్టకారు, చుట్టూ ఈకల పెట్టెలు, దారపు కండెలు. కిటికీలో నుండి చూస్తే సముద్రం. ఆ బల్లముందు ఆమె రోజుకు పదునాలుగు గంటలకు తక్కువ కాకుండ కూర్చుండేది. ఉత్తరదేశాలలో చలికాలపు పగలు ఎంత చిన్నదో మీరు భూగోళశాస్త్రంలో చదివే ఉంటారు. మధ్యాహ్నం కాగానే చీకటి పడే ఆ నెలలలో దీపపు వెలుగున వెండ్రుకవంటి పోగులను చూచి కట్టడం ఎంతటి తపస్సో ఊహించుకొనవచ్చును.

ఆమె రూపం, ప్రవర్తన కూడ లోకరీతికి భిన్నంగా ఉండేవి. జుట్టు కురచగా కత్తిరించుకొని, పురుషులవలె చొక్కా, మెడకు టై, పైన ముతక ఉన్ని కోటు ధరించేది. ఎవరేమనుకొన్నా ఆమె లెక్కచేసినట్లు కనబడదు. అయితే ఆమెను మనుష్యులకు దూరమైన సన్యాసినిగా భావించరాదు. స్కాట్లండు గ్రామీణ నృత్యమంటే ఆమెకు ఎంతో మక్కువ. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో ఆమె ఇండ్లకు పాలు చేరవేసింది, సముద్రతీరపు కాపలాలోను పాల్గొన్నది. పనిలేని ప్రతిష్ఠ ఆమెకు అక్కరలేకపోయింది గాని, పనికి వచ్చే ఏ పనినీ ఆమె చిన్నచూపు చూడలేదు.

ఆమె కట్టిన ఈగల కీర్తి క్రమక్రమంగా నదులు దాటి, సముద్రాలు దాటింది. పాత గ్రంథాలలోని అలంకారభూయిష్ఠమైన ఈగలను కూడ ఆమె తప్పు లేకుండ కట్టగలిగేది. అయినను ఆమె పేరుతోనే ప్రసిద్ధమైన ఈగ చాల చిన్నది. నలుపు, నీలం రంగులలో ఒక అంగుళం పొడవు మాత్రమే ఉంటుంది. మండువేసవిలో నది సన్నగిల్లి, చేప మందగించి, మరే ఈగకూ కదలనప్పుడు పనికివచ్చేది అదేనని జాలరుల విశ్వాసం. తన పేరు నిలపడానికి నెమలిపింఛంవంటిది మరొకటి కట్టగల శక్తి ఆమెకు ఉన్నది. నిలిచినది మాత్రం ఈ అంగుళమంత ఈగ.

నానాదేశాల ధనవంతులు ఆమెకు ఉత్తరాలు వ్రాసేవారు. కోరికలు గుట్టలుగా పేరుకొనిపోయేవి. ఎంత గిరాకి ఉన్నా ఆమె ధర పెంచలేదు. గంటలకొలది శ్రమించి కట్టిన ఈగకు ఆమె తీసుకొన్న వెల ఎన్నడూ స్వల్పమే. మనలో కొందరికి ఇది తెలివితక్కువగా తోచవచ్చును. గిరాకిని బట్టి ధర పెంచడం అర్థశాస్త్రం నేర్పే మొదటి పాఠం కదా! కాని ధర పెంచితే ఆ ఈగ బ్రోరా నదీతీరంలోని సామాన్య జాలరి చేతికి అందదు. రాజుకు, జాలరికి ఒకే ఈగ, ఒకే శ్రద్ధ అన్న నియమం ఆమె నోట చెప్పిందో లేదో గాని, ఆమె చేతలలో మాత్రం స్పష్టంగా కనబడుతుంది.

ఆమె ఈగలను వాడినవారిలో నాటి యువరాజు, 2022లో రాజైన చార్లెస్ కూడ ఉన్నాడు. ఆయన స్వయంగా ఆమె కుటీరానికి వచ్చేవాడు. 1971లో బ్రిటిష్ ప్రభుత్వం ఆమెకు బ్రిటిష్ ఎంపైర్ మెడల్ అనే గౌరవ పతకాన్ని ప్రకటించింది. అట్టి పతకాన్ని అందుకొనడానికి లండన్‌లోని రాజప్రాసాదానికి రమ్మని ఆహ్వానం వస్తే పరుగెత్తనివారు ఎవరు? ఆమె వెళ్లలేదు. తాను వెళ్లితే ఆనాడు తన కుక్కను చూచేవారెవరూ లేరని తెలియజేసింది. రాణి దీనిని అవమానంగా భావించలేదు. తరువాత యువరాజే ఆ ప్రాంతానికి చేపలవేటకు వచ్చినప్పుడు ఆమెకు దగ్గరలోనే పతకాన్ని అందజేసినాడు. ఈ కథను చెప్పుకొని చాలమంది నవ్వుతారు. నాకు మాత్రం దీనిలో గర్వం గాని హాస్యం గాని కనబడలేదు. తనపై ఆధారపడిన మూగజీవికి ఆ పూట అన్నం పెట్టడం, పతకం కంటె ముందుగా చేయవలసిన పని అని ఆమె లెక్క. అంతే.

ఇక ఆమె జీవితంలో అందరినీ ఆశ్చర్యపరచే విషయమొకటి కలదు. వేలకొలది ఈగలు కట్టిన మేగన్ బాయ్డ్ తాను ఏనాడూ గాలం వేయలేదు. చేపను చంపడానికి ఆమెకు మనస్సు ఒప్పలేదు. ఆమె ఈగలు ఎన్ని చేపల ప్రాణాలు తీసినాయో లెక్కలేదు. కత్తి చేసేవాడు తాను ఎవరినీ పొడవలేదని చెప్పుకొన్నంత మాత్రాన చేతులు కడిగికొన్నట్లవుతుందా అని ఎవరైనా అడిగితే, సులభంగా సమాధానం చెప్పలేము. జీవితచరిత్ర వ్రాసేవాడు తన కథానాయకునిలోని వైరుధ్యాలను కప్పిపుచ్చరాదు. బహుశః ఆమెకు చేపతో పనిలేదు, ఈగతోనే పని. చేపలు పట్టడం ఆమె ఇంటివారి బ్రతుకుతెరువుతో ముడిపడిన వ్యవహారం. ఈగ కట్టడం ఆమె ఆత్మకు సంబంధించినది. ఈ రెంటి మధ్యనున్న ముడిని ఆమె విప్పలేదు. మనలో ఎందరము మన వృత్తులలోని ఇట్టి ముడులను విప్పగలిగినాము?

మరొక విధంగా చూస్తే, ఆమె తన పనికి కలిగే ఫలితాన్ని కళ్లారా చూడకుండానే అరవై ఏండ్లు పనిచేసిందన్నమాట. తాను కట్టిన ఈగ నీటిలో ఎట్లు కదలుతుందో, ఏ చేప ఎప్పుడు దానిని అందుకొంటుందో ఇతరులు వచ్చి చెప్పితే తెలియవలసిందే. అయినను ఒక్క పోగు కూడ అశ్రద్ధగా కట్టలేదు. పరీక్షకునికి కనబడే పుటలనే శ్రద్ధగా వ్రాసే అలవాటు మనలో ఉన్నది. ఎవరూ చూడని చుట్టును సైతం సరిగా చుట్టడం ఆమె అలవాటు.

ఇంతటి సూక్ష్మమైన పనికి మూల్యం చెల్లించినవి ఆమె కళ్లు. ఎన్నో చలికాలాలు దీపపు వెలుగున శ్రమించిన ఆ చూపు క్రమంగా మందగించింది. 1980ల చివరికి పని మానుకొనక తప్పలేదు. 2001 నవంబరు 15న సమీపంలోని గోల్స్పీ అనే ఊరిలో, 86వ ఏట ఆమె కన్నుమూసింది. 2013లో ఆమె జీవితం ఆధారంగా ఒక డాక్యుమెంటరీ చిత్రం కూడ వెలువడింది. ఆమె స్వల్పధరకు ఇచ్చిన ఈగలను నేడు సంపన్నులు పెద్ద మొత్తాలకు కొని, అద్దాల చట్రాలలో బిగించి గోడలకు తగిలించుకొంటున్నారు. నదిలో తడవవలసిన ఈగకు గోడమీద ఏమి పని?

ఈ సందర్భంలోనే మరొక ఉదంతం చెప్పక తప్పదు. 2009లో ఇంగ్లండులోని ట్రింగ్ పట్టణంలో ఉన్న ప్రకృతిశాస్త్ర ప్రదర్శనశాల నుండి ఒక యువకుడు రాత్రివేళ 299 పక్షిచర్మాలను దొంగిలించాడు. వాటిలో ప్రఖ్యాత శాస్త్రజ్ఞుడు ఆల్ఫ్రెడ్ రస్సెల్ వాలెస్ నూటయేభై ఏండ్ల క్రిందట సేకరించినవి కూడ ఉన్నాయి. ఆ యువకుడు విక్టోరియా కాలపు అలంకారప్రాయమైన సాల్మన్ ఈగలు కట్టడంలో నిపుణుడు. నీటిలో ఎన్నడూ వేయని ఈగలకోసం, శాస్త్రలోకానికి తిరిగిరాని సంపదను ధ్వంసం చేసినాడు. ఒకే కళను ఇద్దరు అభ్యసించినారు. ఒకరు ఈకలు తగ్గించుకొంటూ పోయి పదిమందికి ఉపయోగపడినారు. మరొకరు ఈకల వ్యామోహంతో దొంగతనానికి దిగినారు. చేతిలో నేర్పు ఉన్నంతమాత్రాన చాలదని చెప్పడానికి ఇంతకంటె నిదర్శనం కావాలా?

ఎక్కడి స్కాట్లండు, ఎక్కడి సికింద్రాబాదు, ఈ కథతో మనకేమి పని అని మీరు అడుగవచ్చును. నేను కూడ ఆమెను గురించి చదివినప్పుడు మొదట అట్లే అనుకొన్నాను. కాని జరీ, పట్టుదారం, సన్నని సూదిమొన, కిటికీ ప్రక్కన వంగిన మెడ, మందగించే చూపు, ఇవన్నీ మనకు తెలియనివా? మన జంటనగరాలలో ఎన్ని గల్లీలలో, ఎన్ని ఇండ్ల వసారాలలో కార్‌చోబు చట్రాలు పరచి లేవు? చట్రానికి బిగించిన గుడ్డముందు కూర్చుండి, ఆరీ సూదితో జర్దోజీ పూవులు కుట్టే తల్లులు, అక్కలు, పిన్నమ్మలు మన ఇండ్లలోనే ఉన్నారు. పెండ్లికూతురు దుపట్టాపై మెరిసే ఒక్కొక్క పూరేకు వెనుక ఎవరి కంటిచూపు ఎంత ఖర్చయినదో ఆ పెండ్లిపందిరిలో ఎవరూ అడుగరు. దుకాణంలో అమ్ముడుపోయే ఆ వస్త్రంమీద కుట్టినవారి పేరు ఉండదు.

ప్రతి సంవత్సరం జూన్ మాసంలో ప్రవేశ దరఖాస్తులు పరిశీలించే పని నాకు కూడ కొంత అప్పగిస్తారు. వాటిలో తల్లి వృత్తి అనే గడి ఒకటి ఉంటుంది. ఒక సంవత్సరం ఒక విద్యార్థిని ఆ గడిలో ఏమీ లేదని వ్రాసి ఇచ్చింది. ఫీజు ఎట్లు కడతావమ్మా అని అడిగితే, అమ్మ కార్‌చోబు పని చేసి కూడబెట్టినదని తలవంచుకొని చెప్పింది. రోజుకు పది గంటలు సూది కదిలించి బిడ్డను కళాశాలకు పంపిన తల్లికి వృత్తి ఏమీ లేదట! ఆ మాట వ్రాయడానికి ఆ పిల్లకు సిగ్గు ఎక్కడ నుండి వచ్చింది? చేతిపనిని చదువుకంటె తక్కువగా చూచే మన అందరి చూపుల నుండే వచ్చింది. ఆ దోషంలో ఉపాధ్యాయుడనైన నాకు కూడ భాగం ఉన్నది. నేను ఆ రోజు ఆ గడిని దిద్దమని ఆమెకు చెప్పలేదు. దరఖాస్తును అట్లే కట్టలో పెట్టినాను.

మేగన్ బాయ్డ్ చదువుకొన్నది ఒక కాపలాదారు బల్లవద్ద. ఆమెకు ఏ విశ్వవిద్యాలయ పట్టమూ లేదు. ఆమె పనిని గౌరవించి వ్రాసిపెట్టినవారు ఉన్నందుననే, సముద్రాలకు ఆవల ఉన్న మనకు నేడు ఆమె పేరు తెలిసింది. మన చుట్టూ ఉన్న పనివారిని గూర్చి వ్రాయవలసినవారు ఎవరు? తెలుగు, ఉర్దూ రెండూ వచ్చిన మీరే. కుట్టులో ఏ పూవుకు ఏ పేరో, ఏ కుట్టు ఎవరివద్ద నేర్చుకొన్నారో, రోజుకు ఎంత కూలి, కంటికి ఏ వయస్సున అద్దాలు వచ్చినవో మీ తల్లులను అడిగి ఉన్నది ఉన్నట్లు వ్రాయండి. అట్టి రచనలకు ఈ సంచికలో రెండు పుటలు కేటాయించవలసిందని, వార్షికోత్సవంనాడు విద్యార్థుల ఇండ్లలో తయారైన చేతిపనులకు, చేసినవారి పేర్లతో సహా, ఒక బల్లనైనా ఏర్పాటు చేయవలసిందని కళాశాల సంఘంవారికి వినయపూర్వకంగా మనవి చేస్తున్నాను. అలంకారాలు అక్కరలేదు. పలుచగా, సత్యంగా ఉంటే చాలును.

రానున్న జూన్‌లో దరఖాస్తులు మరల నా బల్లమీదికి వస్తాయి. ఆ గడిలో ఏమీ లేదన్న మాట కనబడితే ఈసారి ఆ కాగితాన్ని వెనుకకు ఇచ్చి, మీ అమ్మ పని ఏమిటో వ్రాసుకొని రమ్మని చెప్పుతాను.